దొంగ అంకె

అప్పట్లో మద్రాసులో కంప్యూటరు గదిలోకి చెప్పులేసుకొని వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. అంబత్తూరులో మా ఫ్యాక్టరీ గది బయట కూడా చెప్పులకు ఒక చెక్క స్టాండు ఉండేది. పొద్దున నేను చేరేసరికే అందులో పై అరలో ఒక జత తోలు చెప్పులు కనిపించేవి, మడమల దగ్గర బాగా అరిగినవి. అవి అన్న చెప్పులు.

అన్న నాకు తోడబుట్టినవాడు కాదు. నాతో కలిసి పనిచేసే మనిషి, వయసులో నాకంటే బాగా పెద్ద. అందరూ అన్నా అనే పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఆయనది మద్రాసులోనే జార్జి టౌన్. ఎప్పుడో తాతల తాతల కాలంలో వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో మగవాళ్ళంతా మిరపకాయలు, ధనియాల హోల్‌సేల్ అంగళ్ళలో లెక్కలు రాసినవాళ్ళే. ఈయన బీకాం చదివి, మా ఫ్యాక్టరీలో ఫౌండ్రీ స్టోర్సులో గుమాస్తాగా చేరాడు. ఫౌండ్రీ అంటే ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే చోటు. ఆ నల్ల ఇసుక దుమ్ము రోజంతా గాలిలో ఉంటుంది. కొన్నేళ్ళకు ఆయనకు ఉబ్బసం పట్టుకుంది.

"మిరపకాయల మండీలో పుట్టినోడికి దుమ్ము పడకపోవడమేందిబ్బా అని మా నాయన నవ్వతాడు," అనేవాడు. "ఆయనకేం, మిరపకాయ దుమ్ము తుమ్మితే పోతాది. ఇది లోపల పోయి కూచుంటాది."

ఫ్యాక్టరీ డాక్టరు వేరేచోటికి మార్చమని రాస్తే, స్టోర్సు లెక్కలు తెలిసినవాడు కదా అని కంప్యూటరు విభాగానికి పంపారు. ఆ ఫ్యాక్టరీ మొత్తంలో దుమ్ము లేని గది అదొక్కటే. యంత్రం కోసం పెట్టిన ఏసీ. వచ్చిన కొన్నాళ్ళకు ఆయన నాతో ఒక మాట చెప్పాడు. "ఫౌండ్రీలో ఉన్నన్నాళ్ళూ రాత్రిపూట గోడకానుకొని కూచోనే నిద్రపోయేవాణ్ణి. ఇప్పుడు పడుకొని నిద్రపోతా ఉండా." ఆ మాట నేను విన్నాను, అర్థం చేసుకున్నాను. తరువాత చేసిన పని తెలియక చేశానని అనడానికి అందుకే నాకు వీలు లేదు.

మా పని ఇది. స్టోర్సులో ఏ సరుకు ఎంత ఉంది, ఎంత వాడారు, ఏది తెప్పించాలి అన్నవి లెక్కకట్టే ప్రోగ్రాములు మా విభాగం రాసేది. మా ఫ్యాక్టరీకే కాదు, చుట్టుపక్కల ఇంకొన్ని ఫ్యాక్టరీలకు కూడా ఇచ్చేది. ప్రోగ్రాములో ఒకచోట చెయ్యి పెడితే, సంబంధం లేని ఇంకోచోట ఏదో ఒకటి చెడిపోయేది. అందుకని ఏ చిన్న మార్పు చేసినా పాత పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచి నడపాలి. తెలిసిన సరుకుల వివరాలు ఇచ్చి ప్రోగ్రామును నడిపి, వచ్చిన ఫలితాన్ని కాగితం మీద అచ్చు వేయించి, సరైనదని ముందే తేల్చి బీరువాలో దాచిన పాత కాగితంతో అంకె అంకె సరిచూడాలి.

ఆ సరిచూడటానికి అన్న వాళ్ళింటి పద్ధతి తెచ్చాడు. వాళ్ళ అంగడిలో సాయంత్రం లెక్క అలాగే చూసేవాళ్ళట. ఒకరు చెప్పాలి, ఒకరు చూడాలి. చెప్పేవాడు పాత కాగితం చదువుతాడు, చూసేవాడు కొత్త కాగితం మీద వేలు పెట్టుకొని సరి అంటాడు. మధ్యమధ్యలో చెప్పేవాడు కావాలని ఒక తప్పు అంకె చెప్పాలి. దాని పేరు దొంగ అంకె. చూసేవాడు దాన్ని పట్టుకుంటే సరే. పట్టుకోలేక సరి అన్నాడో, వాడు నిద్రపోతున్నట్టు లెక్క. ఆ పేజీ మళ్ళీ మొదటినుంచి చూడాలి, పైగా గేటు బయట కొట్టునుంచి ఆ సాయంత్రం టీ వాడే తెప్పించాలి.

చదవడం ఎప్పుడూ అన్నదే. ఆయాసం ఉన్న మనిషి అయినా ఆ గదిలో గొంతు గట్టిగా ఉండేది. సంతలో వేలం పాడినట్టు చదివేవాడు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక, ఏసీ చల్లదనంలో, ప్రింటరు మోతలో, నాకు అంకెలన్నీ ఒకటిగానే కనిపించేవి.

"ఏంబ్బా, నిద్ర పొయ్యినావా?"

"లేదన్నా."

"నూట నలభై అంటే సరి అన్నావు. ఆడ నూట నాలుగు ఉండాది చూడు. కండ్లు తెరుచుకోని నిద్రపోయేది మీ ఊర్లో నేర్పిస్తారా?"

నాది తెనాలి పక్క. నా మాటలో ఆ యాస వినపడినప్పుడల్లా ఆయనకు వేళాకోళమే. టీ దాదాపు ఎప్పుడూ నేనే తెప్పించేవాణ్ణి. గదిలో మిగతా వాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. ఇంజనీరింగు చదివి వచ్చింది ఇలా వేలు పెట్టుకొని సరి సరి అనడానికా అని లోపల ఉండేది. విల్లివాక్కంలో ఇంటికి చేరాక కూడా ఆయన గొంతు చెవుల్లో అంకెలు చదువుతూనే ఉండేది. కాలి కండరాల అలసటయితే పడుకుంటే పోతుంది. ఇది పోయేది కాదు. మరుసటి వారం మళ్ళీ ఎవరో ప్రోగ్రాములో ఒక వరుస మార్చేవాళ్ళు, మళ్ళీ బీరువా తెరిచేవాళ్ళం.

అప్పుడే నాకీ ఆలోచన వచ్చింది. పరీక్షలన్నిటినీ ఒకదాని తరువాత ఒకటి యంత్రమే నడపాలి. సరైన ఫలితాలను కాగితం మీద కాకుండా డిస్కులోనే దాచిపెట్టి, కొత్త ఫలితాన్ని దానితో యంత్రమే పోల్చాలి. తేడా ఉంటే ఎక్కడుందో అచ్చు వేయాలి, లేకపోతే తేడా లేదని వేయాలి. ఇప్పుడిది ఎవరికైనా చెబితే ఇందులో ఏముంది అంటారు. అప్పుడు మా గదిలో ఎవరూ చేయలేదు.

అన్నకు చెబితే ముందు అడిగిన మాట ఒకటే.

"అయితే నా సీటు?"

"నీ సీటుకేం అన్నా. అది పోలుస్తుందంతే. ఏం పరీక్షించాలో చెప్పేది మనమే కదా."

ఆయన నమ్మాడు. ఆ తరువాత నాకంటే ఎక్కువ ఉత్సాహంగా కూర్చున్నాడు. పరీక్షలు ఆయన చెబుతుంటే నేను టైపు చేసేవాణ్ణి. "స్టోర్సులో ఉండేదానికంటే ఎక్కువ సరుకు ఇచ్చేసినట్టు ఒకటి రాయి. మా ఆడ దినమూ అదే జరిగేది. ఒకే బోల్టుకు రెండు పేర్లు పెట్టి ఇంకొకటి రాయి. పేజీ కట్టకడసీ వరసలో వచ్చే సరుకు ఉండాదే, అది కూడా రాయి." చెప్పి చెప్పి తనే నవ్వుకునేవాడు.

మొదట్లో ఆ ఏర్పాటు మమ్మల్ని ఏడిపించింది. ప్రతి పేజీ నెత్తిన ఆనాటి తేదీ, సమయం అచ్చయ్యేవి. దాచిపెట్టినదాని మీద పాత తేదీ, కొత్తదాని మీద కొత్త తేదీ. దాంతో ప్రతి పేజీకీ తేడా ఉంది, తేడా ఉంది అని యంత్రం గోల పెట్టేది.

"మా పెదనాయన గుణం వచ్చేసింది దీనికి," అన్నాడు అన్న. "అన్నం పెట్టినా తప్పే, పెట్టకపోయినా తప్పే."

పై వరుసను వదిలేసి పోల్చేలా మార్చాలనుకున్నాను. మార్చేలోపే మేనేజరు తెలుసుకొని, మరునాడు పొద్దున తనకు నడిపి చూపమన్నాడు. ఆ సాయంత్రమే డిస్కులో చోటు అయిపోయింది. పాత ఫలితాలూ కొత్త ఫలితాలూ రెండూ పట్టలేదు. ఆదరాబాదరాగా ఫైళ్ళ పేర్లు అటూ ఇటూ మార్చి, కొన్ని చెరిపేసి, ఎలాగో చోటు చేశాను. ఒకసారి నడిపి చూసే ఓపిక లేక రైలుకు వెళ్ళిపోయాను.

మరునాడు మేనేజరు వచ్చి నిలబడ్డాడు. తమిళుడు, మాటలు తక్కువ. పక్కన అన్న ఉతికిన తెల్లచొక్కా వేసుకొని నిలబడ్డాడు. నేను ఒక్క ఆజ్ఞ టైపు చేశాను. పరీక్షలు ఒకటొకటిగా నడిచాయి. ప్రింటరు ఒక్కో వరుస వేసుకుంటూ పోయింది. తేడా లేదు. తేడా లేదు. తేడా లేదు. చివరిదాకా అదే.

తేదీలకు కూడా తేడా లేదు.

నేనది చూశాను. చూడలేదని ఇన్నేళ్ళలో నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, కానీ చూశాను. నిన్నటిదాకా ప్రతి పేజీకీ తప్పు పట్టిన యంత్రం ఇవాళ తేదీ మారినా ఎందుకు ఊరుకుంది అన్న ప్రశ్న ఈగలాగా వచ్చి వాలింది. మేనేజరు తల ఊపుతున్నాడు. నేను దాన్ని తోలేశాను. ఒక అంకె మార్చి మళ్ళీ నడిపి ఉంటే నిమిషాల్లో తెలిసిపోయేది. ఇన్నాళ్ళు దొంగ అంకెతో నన్ను పట్టుకున్న గదిలోనే నిలబడి, యంత్రానికి ఒక్క దొంగ అంకె వేయలేదు. యంత్రం నిద్రపోదు కదా అనుకున్నాను.

"చాలా బాగుంది," అన్నాడు మేనేజరు. "ఇక ఈ పనికి ఎంతమంది కావాలి?"

ఇద్దరు అనవచ్చు. ఆలోచించి చెబుతాననవచ్చు.

"ఒకరు చాలు సార్," అన్నాను.

అదంతా నేనొక్కడినే చేశానని ఆయన అనుకోవాలన్నది ఒక కారణం. ఆ గొంతు ఇక మధ్యాహ్నాలు వినక్కరలేదన్నది ఇంకొకటి. రెండూ నాలో ఉన్నాయి, ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. అన్న మొహం మీద నవ్వు వెంటనే పోలేదు. కాసేపు అలాగే ఉంది, తీసేయడం మరిచిపోయినట్టు. బయటికి వచ్చాక చెప్పులు వేసుకుంటూ నా భుజం తట్టి, "భలే చేసినావుబ్బా," అన్నాడు.

నెల తిరిగేసరికి ఆయన్ని మళ్ళీ ఫౌండ్రీ స్టోర్సుకు పంపారు. డాక్టరు రాసిన కాగితం సంగతి ఎవరికీ గుర్తు లేదు, గుర్తు చేయవలసినవాణ్ణి నేనే. చేయలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన మా గది అద్దం తలుపు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. బట్టలకు ఇసుక ఉందని లోపలికి రాడు. ఎవరైనా తలుపు తీసినప్పుడు వచ్చే చల్లగాలికి మొహం పెట్టి, వాళ్ళతో రెండు మాటలు మాట్లాడి వెళ్ళేవాడు. ఊపిరి తీసుకున్నప్పుడు సన్నగా ఈల వినిపించేది. నేను ఆ వేళకు క్యాంటీనుకు వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

కొన్ని నెలలు యంత్రం తేడా లేదంటూనే ఉంది. నేను కాగితం చింపి ఫైలులో పెట్టుకునేవాణ్ణి. ఒకరోజు మా ప్రోగ్రాము వాడే ఒక పంపుల ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది. తెప్పించవలసిన సరుకుల జాబితాలో ప్రతి పేజీలోనూ చివరి సరుకు రావడం లేదు, ఏదో వాషరు లేక వాళ్ళ పని ఆగిపోయింది. పేజీ చివరి సరుకు. అన్న చెప్పగా నేను టైపు చేసిన పరీక్ష. అది తేడా లేదనే నడిచింది.

అప్పుడు వేశాను దొంగ అంకె. దాచిపెట్టిన ఫలితంలో ఒక సంఖ్య మార్చి నడిపాను. తేడా లేదు. ఇంకొకటి మార్చాను. తేడా లేదు. పేజీ మొత్తం తీసేసి ఖాళీగా పెట్టాను. తేడా లేదు.

ఫైళ్ళ పేర్లు చూస్తే తెలిసింది. డిస్కు నిండిన ఆ సాయంత్రం పేర్లు మార్చడంలో, కొత్త ఫలితం వెళ్ళి సరైన ఫలితం మీదే పడి దాన్ని చెరిపేసేలా రాశాను. ఆపైన యంత్రం ఆ ఒక్క ఫైలునే రెండుసార్లు చదివి, తనతో తనకు తేడా లేదని చెబుతూ వచ్చింది. అన్నను గదినుంచి పంపించింది ఆ మాట.

పేరు సరిచేయడం చిటికెలో అయిపోయింది. కానీ డిస్కులో దాచుకున్న సరైన ఫలితాలన్నీ ఎప్పుడో చెరిగిపోయాయి. మిగిలింది బీరువాలోని పాత కాగితాలే. వాటినుంచి మళ్ళీ ఎక్కించి, అంకె అంకె సరిచూడాలి. అది ఇద్దరు చేసే పని. మేనేజరు దగ్గరికి వెళ్ళి జరిగింది చెబితే ఆయన తిట్టేవాడు, ఆ తరువాత అన్నను పిలిపించేవాడు. వేరే దారి లేదు కూడా, ఆ కాగితాలు తెలిసింది మా ఇద్దరికే.

"ఆ సందర్భం మన పరీక్షల్లో లేదు సార్, చేరుస్తున్నాను," అని చెప్పాను.

తరువాత వారాల తరబడి ఒక్కడినే కూర్చున్నాను. ఒక చేతిలో పాత కాగితం, ఇంకో చేతి వేలు కొత్తదాని మీద. చెప్పేదీ నేనే, చూసేదీ నేనే. తెలియకుండానే పైకి చదవడం మొదలుపెట్టాను, మనసులో చదివితే వరుస తప్పిపోయేది. నాకు నేను దొంగ అంకె వేసుకోలేను. వేసేవాడికి ముందే తెలుస్తుంది. ఒక పేజీ అయ్యేసరికి ఇదివరకు ఇద్దరం పది పేజీలు చూసినంత అలసట వచ్చేది.

అలా ఒక మధ్యాహ్నం క్యాంటీను సంగతి మరిచిపోయాను. తల ఎత్తేసరికి అద్దం అవతల అన్న. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు. లేచి వెళ్ళి తలుపు కొంచెం తీశాను.

"ఏంబ్బా, ఎవరితో మాట్లాడతా ఉండావు?"

"ఎవరితోనూ లేదన్నా."

"నోరు ఆడతా ఉండింది."

"ఊరికే... ఏదో చూసుకుంటున్నా."

ఆయన బల్ల మీది కాగితాల వైపు చూశాడు. తలుపు సందులోంచి వచ్చే గాలికి కళ్ళు సగం మూశాడు.

"సరే. చూసుకో," అని వెళ్ళిపోయాడు. ఫౌండ్రీ వైపు నడుస్తూ మధ్యలో ఒకసారి గోడ పట్టుకొని ఆగడం కనిపించింది. నేను తలుపు మూశాను. ఏసీ గది తలుపు తెరిచి ఉంచకూడదు.

నా పని పూర్తయింది. పరీక్షలు ఆ తరువాత సరిగానే నడిచాయి. వేరే విభాగాల వాళ్ళు వచ్చి చూసి నేర్చుకున్నారు. నాకు పెద్ద సీటు ఇచ్చారు. అన్న ఫౌండ్రీలో ఇంకొన్నేళ్ళు ఉన్నాడు, ఆపైన సెలవులు, ఆపైన రావడమే మానేశాడు. పదవీ విరమణకు చాలా ముందే రాజీనామా ఇచ్చాడని స్టోర్సు మనిషి ఒకాయన చెబితే తెలిసింది.

ఆ తరువాత కూడా చాలాకాలానికి గానీ నేను వెళ్ళలేదు. ఒక ఆదివారం జార్జి టౌన్‌లో బస్సు దిగి, మూటల బండ్ల మధ్య దారి చేసుకుంటూ ఆ సందు పట్టుకున్నాను. కింద మిరపకాయల గోదాము, పైన ఇల్లు. మెట్లు ఇరుకు, నిటారు. అన్న మంచం మీద గోడకు దిండు పెట్టుకొని, దానికి ఆనుకొని కూర్చొని ఉన్నాడు. వదిన నీళ్ళిచ్చి లోపలికి వెళ్ళింది.

"తెనాలి దొర వచ్చినాడే," అన్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "ఏం, మీ మిషను బాగుండాదా?"

"బాగుందన్నా." చాలాసేపు వేరే మాటలు మాట్లాడాను. ఆపైన అన్నాను, "అన్నా, ఆ రోజు మేనేజరు ముందు అది తేడా లేదన్నది నిజం కాదు."

చెప్పాను. తేదీల సంగతి, నేను చూసి ఊరుకున్న సంగతి, ఒక్క ఫైలునే రెండుసార్లు చదివిన సంగతి, మేనేజరుతో చెప్పిన అబద్ధం. ఆయన లెక్కలు తెలిసిన మనిషి, ఏదీ రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు.

"అప్పుడే చెప్పుంటే, నన్ను మళ్ళా పిలిచుండేవాళ్ళా?"

ఏమో అనవచ్చు. అంత కచ్చితంగా ఎవరు చెప్పగలరు అనవచ్చు. వస్తూ బస్సులో ఆ మాటలే కూర్చుకున్నాను కూడా.

"పిలిచేవాళ్ళన్నా. అది ఇద్దరు చేసే పని."

కింద సందులో బండివాడెవరో దారి కోసం అరిచాడు. అన్న కిటికీ వైపు తిరిగాడు.

"అద్దం కాడ చూస్తిని గదా," అన్నాడు. "నీ చేతిలో ఉండింది మన కాయితాలే. ఏం జరిగిందో తెల్దు గానీ, మన కాయితాలు చదవతా ఉండావని మాత్రం తెలిసింది. పిలుస్తావేమో అనుకున్నా. అందుకే కొంజెం సేపు నిలబడినా."

నేను క్షమించమని అడగాలని వచ్చినవాణ్ణి. ఆ మాట నోట్లోకి వచ్చినా, అడిగితే ఆయన మీద ఇంకో పని పెట్టినట్టవుతుందని అనిపించింది.

వదిన లోపలినుంచి పాలు లేవని ఏదో అంటే, అన్న నా వైపు తిరిగాడు.

"పో, కింద అంగట్లో టీ తీసుకరా. ఎట్టాగూ నీదే గదా. నేను మెట్లు దిగి ఎన్నాళ్ళో అయింది."

వదిన ఇచ్చిన, పైన పిడి ఉన్న తూకు చెంబు పట్టుకొని దిగాను. టీ పోయించుకొని తిరిగి వచ్చేసరికి మెట్ల మొదట్లో మూటలు దించుతున్నారు, అవి జరిగేదాకా ఆగి, ఎక్కడం మొదలుపెట్టాను. సగం ఎక్కేసరికి పైనుంచి ఆయన ఊపిరి వినిపించింది, అద్దం తలుపు దగ్గర వినిపించిన అదే ఈల, ఇప్పుడు ఇంకా గట్టిగా. చెంబు వేడి చేతికి తగులుతున్నా అక్కడే నిలబడ్డాను.

నా అడుగుల చప్పుడు ఆగిపోవడం ఆయనకు వినిపించినట్టుంది.

"ఏంబ్బా, ఆడనే నిలబడుకున్నావు," అని పైనుంచి పిలిచాడు. "లోపలికి రా. చల్లారిపోతాది."